సమాధానమునకు కొలత కలదా?

ధ్యాన భాగము: 1 రాజులు 19వ అధ్యాయము, 1 నుండి 8 వచనములు



ఈ నెల ధ్యానమును ఒక ప్రశ్నతో ఆరంభించుచున్నాను. ఆ ప్రశ్న నాది కాదు. 2011వ సంవత్సరములో మా సంఘపు సహోదరి ఒకామె ఆసుపత్రి మంచముమీద పరుండి నన్ను అడిగినది. "అయ్యగారూ, నా విశ్వాసం చాలకే నా కౌంటు పడిపోయిందంటారా?"

నేను అప్పుడు జవాబు చెప్పలేకపోతిని. తల వంచుకొని ప్రార్థన చేసి లేచి వచ్చితిని. వేదాంత కళాశాలలో నేర్చుకొన్న పాఠములేవియు ఆ దినమున నా నోటికి రాలేదు. మన తెలుగు బైబిలులో శాంతిని "సమాధానము" అందుము. లోకవాడుకలో అదే మాటకు జవాబు అని అర్థము. ఆ సాయంకాలము నాయొద్ద ఆ రెండును లేకపోయెను. ఇన్ని సంవత్సరములు ఆ ప్రశ్నను మోసికొని తిరిగి, చదివి, తెలిసినవారిని అడిగి, నాకు దొరికిన జవాబును ఇప్పుడు మీ యెదుట ఉంచుచున్నాను. ఆమె అనుమతితోనే వ్రాయుచున్నాను. ఆమె యెవరో తెలియకుండునట్లు కొన్ని గురుతులు మార్చితిని. ఎవరును ఆరా తీయవద్దని మనవి.

ఆమె భర్త లారీ డ్రైవరు. విజయవాడ ఆటోనగరులో బండి బాగుచేయించుకొని, ఒకసారి కలకత్తా వైపు, ఒకసారి మద్రాసు వైపు తిరుగుచుండెడివాడు. నెలలో నాలుగు దినములు ఇంటిపట్టున ఉండుట అరుదు. జబ్బుపడి, చిక్కి శల్యమై చనిపోయెను. అతడెట్టివాడని తీర్పు తీర్చుట మన పని కాదు. తరువాత ఆమెకు రక్తపరీక్ష చేయగా హెచ్.ఐ.వి. ఉన్నదని తేలెను. దేవుని కృపవలన కుమారునికి లేదు. ఆమె కౌంటు 180 ఉండెను. ప్రభుత్వ ఆసుపత్రిలోని ఏ.ఆర్.టి. కేంద్రములో మందులు ఉచితముగా ఇచ్చిరి. రోజుకు రెండు పూటలు మాత్రలు. రెండు సంవత్సరములలో కౌంటు 400 దాటెను. ఆమె నాట్లకు పోయెను, కోతలకు పోయెను, కుమారుని బడికి పంపుకొనెను.

ఈ కౌంటు అనగా ఏమో తెలియనివారికి చెప్పుదును. మన డెల్టాలో కాలువల వెంబడి లస్కర్లు తిరుగుచుందురు గదా. గట్టు ఎక్కడ నెమ్మియున్నదో, ఎక్కడ గండి పడబోవుచున్నదో చూచి కబురు చేయుట వారి పని. కబురు అందినప్పుడే ఇసుక బస్తాలు వచ్చును, మనుష్యులు వచ్చి గండి పూడ్చుదురు. మన రక్తములో సి.డి.4 అను కణములు అట్టివి. రోగము ప్రవేశించినప్పుడు ఇతర కణములకు కబురు చేసి పోరాటమునకు పిలుచునవి ఇవే. ఆరోగ్యవంతుని రక్తములో ఒక ఘనపు మిల్లీమీటరునకు ఇవి సుమారు 500 మొదలు 1500 వరకు ఉండును. హెచ్.ఐ.వి. అను సూక్ష్మజీవి సరిగా ఈ లస్కర్లనే పట్టుకొని, వారి ఇంటిలోనే కాపురము పెట్టి, తనవంటి వాటిని వేలకొలది పుట్టించును. లస్కర్లు తగ్గిన కొలది గండి పడినను కబురు చేయువారు ఉండరు. కౌంటు 200 కంటె తక్కువైనప్పుడు క్షయ మొదలైన రోగములు కట్ట తెగిన నీటివలె వచ్చిపడును. ఆ స్థితికే ఎయిడ్స్ అని పేరు.

ఈ రోగము 1981లో అమెరికాలో మొదట గుర్తింపబడెను. 1983లో పారిసు నగరములోని పాశ్చరు సంస్థ శాస్త్రజ్ఞులు దాని సూక్ష్మజీవిని కనుగొనిరి. మన దేశములో అది ఉన్నదని 1986లో మద్రాసులో డాక్టరు సునీతి సోలోమన్ గారును, ఆమె శిష్యురాలు సెల్లప్పన్ నిర్మల గారును రుజువు చేసిరి. 1996 నాటికి మూడు మందులను కలిపి ఇచ్చిన యెడల సూక్ష్మజీవి అణగిపోవునని తేలెను. కాని పాశ్చాత్య దేశములలో ఆ మందులకు ఒక్కొక్క రోగికి సంవత్సరమునకు పదివేల డాలర్లు, అంతకు మించియు అగుచుండెను. 2001లో మన దేశపు సిప్లా కంపెనీ వాటిని సంవత్సరమునకు 350 డాలర్లకే ఇచ్చెదమని ప్రకటించెను. 2004 ఏప్రిల్ 1వ తేదీ మొదలు మన ప్రభుత్వము వాటిని ఉచితముగా పంచిపెట్ట నారంభించెను. నేడు దేశములో సుమారు 25 లక్షలమంది ఈ సూక్ష్మజీవితో బ్రదుకుచున్నారు. వారిలో సుమారు 3 లక్షలమంది మన ఆంధ్రప్రదేశ్‌లోనే ఉన్నారు. కాబట్టి ఇది దూరదేశపు సంగతి కాదు. మన సంఘములలో ప్రతి ఆదివారము మన ప్రక్కన కూర్చుండి పాడుచున్నవారి సంగతి.

ఇప్పుడు నా తప్పును గూర్చి చెప్పవలెను.

ఆ కాలమందు నేనొక పత్రికలో ఒక సంగతి చదివితిని. అమెరికాలో జాన్ కబత్-జిన్ అను పండితుడు 1979లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయపు వైద్యశాలలో ఎనిమిది వారముల అభ్యాసమొకటి ఏర్పరచెను. రోగులు నెమ్మదిగా కూర్చుండి, తమ శ్వాసను గమనించుచు, గతించినదానిని గూర్చియు రాబోవుదానిని గూర్చియు కొట్టుకొనిపోవు మనస్సును ప్రస్తుత క్షణమునకు మరల మరల తెచ్చుకొనవలెను. దీనికే మైండ్‌ఫుల్‌నెస్ అని పేరు. దీని వేరు బౌద్ధుల సాధనలో ఉన్నది. మన కృష్ణాతీరమందే అమరావతిలోను, భట్టిప్రోలులోను, ఘంటసాలలోను భిక్షువులు రెండువేల యేండ్ల క్రిందట ఇట్టి సాధన చేసియుందురు. అయితే కబత్-జిన్ గారు దానిని మతముతో నిమిత్తము లేకుండ ఆసుపత్రిలో నేర్పించెను. 2008లో లాస్ ఏంజలీసు శాస్త్రజ్ఞులు హెచ్.ఐ.వి. గల 48 మందిని తీసికొని, కొందరికి ఎనిమిది వారముల ఈ అభ్యాసమును, మిగిలినవారికి ఒక్క దినపు తరగతిని చెప్పించిరి. ఒక్క దినము వచ్చినవారి సి.డి.4 కౌంటు తగ్గెను. అభ్యాసము చేసినవారి కౌంటు తగ్గక నిలిచెను. ఇదియే నేను చదివిన వార్త.

నాకు మిక్కిలి సంతోషము కలిగెను. ఆ ఆదివారము సమాధానమును గూర్చి ప్రసంగము చేసి, "చూడుడి, నెమ్మదిగల మనస్సు కౌంటును నిలుపునని డాక్టర్లే చెప్పుచున్నారు. శ్వాసను గమనించినంత మాత్రమున ఇంత మేలైతే, ప్రభువునే ధ్యానించువారికి ఇంకెంత మేలు!" అని బల్లగుద్ది చెప్పితిని. సంఘమంతయు హల్లెలూయా అనెను. మా సహోదరి వెనుక వరుసలో కూర్చుండి వినుచుండెను. ఆమె కొరకే నేనది చెప్పితినని ఆమెకు తెలియును.

రెండు నెలల తరువాత ప్రక్క ఊరిలో ఉజ్జీవ కూడికలు జరిగెను. ఆమె అక్కడ నిలువబడి, తనకు పూర్ణ సమాధానము కలిగినదనియు, ప్రభువు తన్ను స్వస్థపరచెననియు, ఇక మాత్రలు అక్కరలేదనియు సాక్ష్యమిచ్చెను. నేను వేదికమీదనే ఉంటిని. నాకు లోపల సందేహము కలిగినది. అయినను ఒక స్త్రీ సంతోషమును అందరి యెదుట ఎట్లు కాదనగలనని ఊరకుంటిని. ఆ మౌనము వినయమని అప్పుడనుకొంటిని. అది పిరికితనము.

ఐదు నెలలకు ఆమెకు విడువని జ్వరము, దగ్గు పట్టుకొనెను. పరీక్షించగా క్షయ అని తేలెను. కౌంటు 90కి దిగెను. ఆ మంచముమీదనే ఆమె నన్ను ఆ ప్రశ్న వేసినది.

ప్రియులారా, నాకు తెలియకపోయిన సంగతులు అప్పటికే లోకమునకు తెలిసియుండెను. స్మార్ట్ అను పేరుగల పరిశోధన 33 దేశములలో 5,472 మందితో జరిగి 2006లో ప్రకటింపబడెను. కౌంటు బాగుగా ఉన్నప్పుడు మందు కొంతకాలము ఆపి, తగ్గినప్పుడు మరల ఇయ్యవచ్చునా అని వారు పరీక్షించిరి. ఆపినవారిలో మరణమును పెద్ద జబ్బులును రెండింతలకు మించెను గనుక పరిశోధనను మధ్యలోనే నిలిపివేసిరి. కారణము ఇది. మందు సూక్ష్మజీవిని పెరుగకుండ ఆపును గాని, కణముల లోపల దాగినదానిని తీసివేయదు. మందు మానిన కొన్ని వారములకే అది మరల లేచును. సమాధానముగల హృదయములోనైనను, కలతగల హృదయములోనైనను అది ఒకే రీతిగా లేచును.

లాస్ ఏంజలీసు వారి పని తరువాత ఇతరులును పరీక్షించిరి. ఇరాను దేశపు టెహరానులో చేసి 2012లో ప్రకటించిన పరిశోధనలో, అభ్యాసము చేసినవారి కౌంటు కొన్ని నెలలు పెరిగి, సంవత్సరము నిండునప్పటికి మొదటి స్థితికే వచ్చెను. సాన్ ఫ్రాన్సిస్కోలో 177 మందితో మరింత జాగ్రత్తగా చేసి 2018లో ప్రకటించిన పరిశోధనలో, అభ్యాసము చేసినవారికిని చేయనివారికిని సి.డి.4 కౌంటులో చెప్పదగిన భేదమేదియు కనబడలేదు. మూడు నెలల వరకు అభ్యాసము చేసినవారి దిగులు కొంత తగ్గెను. సంవత్సరమునకు ఆ భేదమును నిలువలేదు. మొదటి పరిశోధకులు తప్పు చేసిరని దీని భావము కాదు. 48 మందితో చేసిన పని ఒక ప్రశ్నను లేవనెత్తుటకు చాలును గాని, దానికి తీర్పు చెప్పుటకు చాలదు. మందు మానుడని వారెవరును చెప్పలేదు. వారు ప్రశ్నగా వ్రాసినదానిని తీర్పుగా ప్రసంగించినవాడను నేనే.

నా తప్పు ఎక్కడ ఉన్నదని చాలా కాలము ఆలోచించితిని. అర్ధసత్యమును పూర్ణసత్యముగా చెప్పుట పైకి కనబడు తప్పు. దానికంటె లోతైనది మరియొకటి ఉన్నది. నేను దేవుని సమాధానమును ఒక మందుగా చేసితిని. మందుగా చేసిన వెంటనే దానికొక కొలత ఏర్పడెను. కౌంటు పెరిగిన యెడల సమాధానము ఉన్నట్టు, తగ్గిన యెడల లేనట్టు. మంచమెక్కిన ఆమెకు క్షయతోపాటు నేరము కూడ మోపితిని. యోబు స్నేహితులు ఏడు దినములు మౌనముగా అతనితో నేలమీద కూర్చుండినంతసేపు వారు మంచి స్నేహితులే. అతని జబ్బుకు కారణము అతనిలోనే వెదకుచు మాటలాడ మొదలుపెట్టినప్పుడు వారు అతనికి భారమైరి. నేను వారి వరుసలో నిలిచితిని.

ఈ రోగమందు శరీరబలము ఎట్లు పంచబడినదో చూడుడి. నూరుమందిలో ఒకరికంటె తక్కువమంది మందులు లేకయే అనేక సంవత్సరములు ఈ సూక్ష్మజీవిని అణచియుంచుకొందురు. శాస్త్రజ్ఞులు వారిని వెదకి పరీక్షించగా, వారిలో అనేకులకు పుట్టుకతో వచ్చిన ఒక జన్యు విశేషము ఉన్నదని తెలిసెను. ఐరోపా జాతులలో కొద్దిమంది శరీరకణములకు, ఈ సూక్ష్మజీవి సామాన్యముగా ప్రవేశించు ద్వారమే పుట్టుకతో లేదు. వారిలో భక్తులును ఉందురు, భక్తిహీనులును ఉందురు. తలిదండ్రులనుండి సంక్రమించిన రక్తమే ఆ బలమును ఇచ్చుచున్నది. పుట్టు గ్రుడ్డివానిని చూపి ఇతడు పాపము చేసెనా, ఇతని కన్నవారు చేసిరా అని శిష్యులడిగినప్పుడు, ప్రభువు ఆ రెండింటిని త్రోసివేసెను (యోహాను 9). అట్లయిన యెడల మా సహోదరి ప్రశ్నకు జవాబు ఇదియే. లేదమ్మా, నీ విశ్వాసము చాలక కౌంటు పడిపోలేదు. మాత్రలు మానినందున పడిపోయెను. మాత్రలు మానుటకు కారణము నా ప్రసంగము.

అయితే కొందరు అడుగుదురు: "కౌంటు పెంచని సమాధానము దేనికి? మూడు నెలలు దిగులు తగ్గించు ధ్యానము దేనికి?" ఈ ప్రశ్న వేయుటలోనే మన కాలపు జబ్బు ఉన్నది. తల్లి ఒడిలోని బిడ్డ నెమ్మదిగా ఉన్నదనిన, ఆ నెమ్మది బిడ్డ బరువును ఎన్ని తులములు పెంచినదని మనము అడుగము. నెమ్మది తనంతట తానే మేలు. రాత్రి నిద్ర పట్టుట మేలు. భయము లేకుండ కుమారుని ముఖము చూచుట మేలు. మందు చేయవలసిన పని మందు చేయును. మందు వేసికొనుచు బ్రదుకవలసిన ఆ దినములను దినములుగా చేయునది సమాధానము. ఒకదాని పని మరియొకదానికి అప్పగించిన యెడల రెండును చెడును.

దేవుడు ఈ క్రమమును ఏలీయాకు ఎట్లు చూపెనో ధ్యాన భాగములో చదువుడి. యెజెబెలుకు భయపడి ఏలీయా అరణ్యమునకు పారిపోయి, బదరీవృక్షము క్రింద కూర్చుండి, ఇక చాలును, చనిపోయెదనని ప్రార్థించెను. నేటి డాక్టర్లు చూచిన యెడల ఇది కఠినమైన మానసిక కృంగుదల అందురు. దేవుడు అతనిని గద్దింపలేదు, నీ విశ్వాసమేదని అడుగలేదు. మొదట నిద్ర ఇచ్చెను. దూత వచ్చి తట్టి లేపి, నిప్పులమీద కాల్చిన రొట్టెయు నీళ్లును చూపెను. తిని మరల పండుకొనెను. రెండవమారు తట్టి, ప్రయాణము దూరమైనది గనుక మరల తినుమని చెప్పెను. హోరేబు కొండమీద మెల్లని స్వరము వినబడుట ఆ తరువాతి సంగతి. రొట్టె మొదట, స్వరము తరువాత. దూత ఒక్కసారి రొట్టె ఇచ్చి ఇక చాలుననలేదు. మాత్రలను ప్రతి రాత్రి వేసికొనవలసిన మన సహోదరులు ఆ రెండవ తట్టును జ్ఞాపకముంచుకొందురు గాక.

హిజ్కియా రాజు మరణకరమైన రోగమందు ప్రార్థించినప్పుడు దేవుడు ఆలకించెను. ఆలకించిన తరువాత యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండుమీద వేయించెను (2 రాజులు 20). ప్రార్థన ఆలకింపబడినది గనుక ముద్ద అక్కరలేదని ఎవరును అనలేదు.

"అయితే అయ్యగారూ, దేవుడు స్వస్థపరచడా?" అని మీరడుగుదురు. స్వస్థపరచగలడు. నేను ప్రతి వారము రోగుల కొరకు ప్రార్థించుచునే ఉన్నాను. కాని సువార్తలో ఒక సంగతి గమనించుడి. ప్రభువు కుష్ఠరోగిని ముట్టి శుద్ధునిగా చేసిన తరువాత, ఊరంతయు చాటుమని చెప్పలేదు. మొదట వెళ్లి యాజకునికి తన దేహమును చూపించుకొనుమని చెప్పెను (మార్కు 1). ఆ కాలమందు పరీక్షించి నిర్ణయించు అధికారము యాజకునిది. నేడు అది డాక్టరుది. స్వస్థత కలిగినదని నమ్మువాడు మాత్రలు వేసికొనుచునే వెళ్లి పరీక్ష చేయించుకొనవలెను. నిజమైన స్వస్థత పరీక్షకు భయపడదు. పరీక్షలో సూక్ష్మజీవి కనబడలేదని వచ్చినను, మందు పనిచేయుచున్నదనియే దాని అర్థము. మానవచ్చునని కాదు.

శ్వాసను గమనించు అభ్యాసము క్రైస్తవులు చేయవచ్చునా అని యౌవనస్థులు అడుగుచున్నారు. నరుని నాసికారంధ్రములలో ఊపిరి ఊదినవాడు దేవుడే. నెమ్మదిగా కూర్చుండి ఆ ఊపిరిని గమనించుట ఏ విగ్రహమునకు మ్రొక్కుట కాదు. మనస్సాక్షి ఒప్పనివాడు 131వ కీర్తన వంటి దానిని తీసికొని, పాలు విడిచిన బిడ్డవలె ప్రభువు సన్నిధిని ఊరకుండుట నేర్చుకొనవచ్చును. ఎవరిని ఎవరును తప్పుపట్టవద్దు. మాత్రకు బదులుగా మాత్రము ఏదియు చేయవద్దు.

ఇంకను ఒక సంగతి మిగిలియున్నది. దానిని వ్రాయుటకు నాకు సిగ్గగుచున్నది.

ఆమెకు సమాధానము కావలెనని ప్రసంగించితినే, ఆమె సమాధానమును తీసివేసినది ఎవరు? భర్త చనిపోయిన నెలలోనే ఊరంతయు గుసగుసలు పుట్టెను. ప్రభు సంస్కారపు దినమున ఇద్దరు పెద్దలు నాయొద్దకు వచ్చి, "ఆమె త్రాగిన గిన్నె మేము త్రాగము" అనిరి. ఈ సూక్ష్మజీవి గిన్నెవలన గాని, ఎంగిలివలన గాని, చేయి పట్టుకొనుటవలన గాని, ఒక చాపమీద కూర్చుండుటవలన గాని అంటదని నాకు తెలియును. అయినను సంఘము చీలునని భయపడి, ఆమె అందరికంటె చివర రావలెనని నేనే చెప్పి పంపితిని. ఆమె రెండు సంవత్సరములు చివర వచ్చినది. మోకరించి, గిన్నె అందుకొని, ఎవరి ముఖమును చూడక వెళ్లిపోయెడిది. అట్లు చేసిన నేనే, ఆ వెనుక వరుసలో కూర్చున్న ఆమెకు నెమ్మదిని గూర్చి బోధించితిని.

భయము శరీరమునకు ఏమియు చేయదని నేననుట లేదు. మనిషి భయపడినప్పుడు నరములు విడుచు ఒక రసాయనము ప్రయోగశాలలోని కణములలో ఈ సూక్ష్మజీవిని మరింత వేగముగా పెరుగజేయునని లాస్ ఏంజలీసు శాస్త్రజ్ఞులు 1998లోనే చూపిరి. అయితే దానినుండి మనము నేర్చుకొనవలసిన పాఠమేది? రోగికి భయమును ఓర్చుకొను సాధన నేర్పించుటయా, లేక మనము పెట్టిన భయమును మనమే తీసివేయుటయా? ఒకని పాదముమీద నిలువబడి, నొప్పిని సహించుటకు అతనికి ఉపదేశము చేయుట న్యాయమా? మొదట పాదము తీయవలెను. ఆ తరువాత ఉపదేశము కావలెనో వద్దో అతడే చెప్పును.

విజయవాడలో నాస్తిక కేంద్రపు కుటుంబమునుండి పుట్టిన వాసవ్య మహిళా మండలి అను సంస్థ యున్నది. గోరా గారి కుమార్తె చెన్నుపాటి విద్య గారు దానిని 1969లో స్థాపించిరి. దేవుడు లేడనువారి ఇంట పుట్టిన ఆ సంస్థ హెచ్.ఐ.వి. గల స్త్రీల కొరకును, వారి పిల్లల కొరకును అనేక సంవత్సరములు పాటుపడెను. దేవుడు ఉన్నాడనువారు గిన్నె దాచుకొన్న దినములలో, లేడనువారు చేయి చాపిరి. మంచి సమరయుని కథను మనము ప్రతి సంవత్సరము చదువుదుము. దారిన ప్రక్కగా పోయిన యాజకుడు ఎవరో నాకు ఇప్పుడు తెలిసినది.

కావున ప్రియులారా, మన సంఘములలో చేయవలసిన పనులు కొన్ని ఉన్నవి. రోగి చెప్పిన రహస్యము కాపరి నోటనైనను బయటికి రాకూడదు. 2017లో పార్లమెంటు చేసిన హెచ్.ఐ.వి. చట్టము 2018 సెప్టెంబరు 10వ తేదీ మొదలు అమలులో ఉన్నది. ఒకని అనుమతి లేకుండ అతని స్థితి బయటపెట్టుట, ఈ కారణముచేత బడిలోగాని పనిలోగాని ఆసుపత్రిలోగాని వేరుగా చూచుట ఆ చట్టము నిషేధించినది. చట్టమునకు ముందే సువార్త మనకు అది చెప్పియుండవలసినది. సాక్ష్య కూడికలలో మందు మానితినని ఎవరైనను చెప్పిన యెడల, కాపరి అక్కడనే లేచి ప్రేమతో సరిదిద్దవలెను. ఆ ఒక్క నిమిషపు సిగ్గు ఒక ప్రాణముకంటె బరువైనది కాదు. మందు తెచ్చుకొను దినమున కూలి పోవునని భయపడువానికి బస్సు ఖర్చులు సంఘము చూడవలెను. ఇంటికి వెళ్లినప్పుడు వారి గ్లాసుతోనే మంచినీళ్లు త్రాగవలెను. ఇవి చేసిన తరువాత సమాధానమును గూర్చి ప్రసంగించుదము.

మా సహోదరి సంగతి చెప్పి ముగించెదను. ఆసుపత్రిలోని కౌన్సిలరు ఒకామె ఓపికతో కూర్చుండి ఆమెను మరల మందులకు ఒప్పించెను. క్షయ మందులు, ఈ మందులు కలిపి వేసికొని ఆమె మెల్లగా కోలుకొనెను. ఇప్పుడు రోజుకు ఒక్క మాత్ర. ఆమె రక్తములో సూక్ష్మజీవి పరీక్షకు కనబడనంతగా అణగియున్నది. అట్టివారినుండి దాంపత్యము ద్వారా కూడ ఇది ఇతరులకు అంటదని ప్రపంచ ఆరోగ్య సంస్థ తెలుపుచున్నది. కుమారుడు చదువు ముగించి ఉద్యోగములో చేరెను.

ఆమె కోలుకొని గుడికి వచ్చిన మొదటి సంస్కారపు ఆదివారమునకు ముందు నేను ఆమె ఇంటికి వెళ్లితిని. చేసినదంతయు ఒప్పుకొని క్షమాపణ అడిగితిని. "ఈసారి అందరికంటే ముందు నువ్వే రామ్మా" అంటిని. ఆమె కొంతసేపు ఊరకుండి, "ముందూ వద్దు, వెనకా వద్దు అయ్యగారూ. నా వరసలో నేను వస్తాను" అనెను.

ఆ ఆదివారము ఆమె తన వరుసలో వచ్చి మోకరించెను. పెద్దలలో ఒకాయన లేచి బయటికి పోయెను. మరియొకాయన ఆమె ప్రక్కనే మోకరించి, ఆమె తరువాత ఆ గిన్నెనే త్రాగెను. ఆ దినమున ఆమె కౌంటు ఎంతయో నాకు తెలియదు. అడుగవలెనని తోచలేదు.

ప్రార్థన: సమాధానకర్తవగు దేవా, మేము నీ సమాధానమును తూచి అమ్మితిమి, మమ్మును క్షమించుము. రోగులమీద మేము మోపిన భయమును మాచేతనే తీయించుము. ప్రతి రాత్రి మాత్ర వేసికొను నీ బిడ్డలను, ఏలీయాను తట్టినట్లు తట్టి బలపరచుము. పరిశోధించువారికిని, మందు ఇచ్చువారికిని ఓపిక దయచేయుము. మమ్మునందరిని ఒకే వరుసలో నీ బల్లయొద్దకు తెచ్చుకొనుము. ప్రభువైన యేసుక్రీస్తు నామమున అడుగుచున్నాము. ఆమేన్.